దూరపు మాట వెల: ఎనిమిదవ ప్రకరణము – చీరాలకు రాని ఎన్నిక

నేసిన బట్ట ఊరిలోనే కట్టి చినుగుటకు నేయబడినది కాదు గనుకను, నేతకు వలయు నూలు చుట్టుప్రక్కల పొలముల ప్రత్తితో ఊరిలోనే వడికినదియు కాదు గనుకను, చీరాల వర్తకునకు దూరముననున్న వానితో మాటాడవలసిన అగత్యము తీరాంధ్రమున పెక్కు పట్టణముల వారికంటె ముందుగానే కలిగెను. నూనెయు బూడిదనీళ్లును పట్టించిన నూలుతో నేసిన తేలియా రుమాళ్లు ఇచ్చటినుండి అరబ్బు దేశములకు ఎగుమతియైన కాలమొకటి కలదు. ఆ పిమ్మట ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చి పొగాకు వ్యాపారమును నెలకొల్పెను. బట్టల అంగళ్లు పెరిగి పెరిగి, ఊరిని చిన్న బొంబాయి యని జనులు పిలుచువరకు వచ్చినది. కోయంబత్తూరులో నూలు ధర అణా పెరిగిన వార్త ఊరి ప్రక్కనున్న జాండ్రపేట మగ్గముపై మరునాటి కూలిని మార్చును. ఇట్టి ఊరిలో దూరపు మాట విలాసవస్తువు కాజాలదు. అది నూలువలె, రంగువలె ముడిసరకు.

ఆ ముడిసరకును అమ్మువాడు మాత్రము ఒక్కడే. గత ప్రకరణములలో చెప్పినట్లు, టెలిఫోను మన దేశమునకు ప్రైవేటు కంపెనీ చేతిమీదుగానే వచ్చినది: 1880లో కంపెనీలు అనుమతి కోరగా తొలుత నిరాకరించిన ప్రభుత్వము, మరుసటి యేడు మనసు మార్చుకొని ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీకి లైసెన్సు ఒసంగెను, 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో ఎక్స్ఛేంజీలు తెరువబడెను. కాని కంపెనీల అధికారము నగరముల పొలిమేర దాటలేదు. ఊరికిని ఊరికిని నడుమ స్తంభములు నాటి తీగ లాగుట సర్కారు పని. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ఆ హక్కును సర్కారునకే కట్టిపెట్టినది. 1943లో ప్రభుత్వము నగరములలోని కంపెనీలను సైతము కొనివేయుటతో, ఇక ఊరిలోని మాటకును ఊరి బయటి మాటకును యజమాని యొకడే యయ్యెను. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను: దూరపు లైనులో పోటీ యనునది మన దేశమున పోయి మరల వచ్చినది కాదు, 2001వ సంవత్సరము తుదివరకు అది ఎన్నడును లేదు.

అయినను ట్రంకు కాలు బుక్ చేయువానికి ఎన్నుకొనవలసినవి లేకపోలేదు. ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా? మనిషి పేరు చెప్పి పిలిపించు పి.పి. కాలా, ఎవరెత్తినను సరేనా? అర్జెంటునకు రుసుము రెండింతలు, లైట్నింగునకు ఎనిమిదింతలు. చీరాల ఎం.జి.సి. బట్టల మార్కెట్టు వర్తకుడు ప్రొద్దుట నంబరు చెప్పి, బిల్లులు వ్రాసికొనుచు, మధ్యాహ్నము భోజనమునకు పోవుటకు సంకోచించుచు కూర్చుండెడివాడు. “ఏమమ్మా, బొంబాయి కలిసిందా?” అని యాతడు మూడవమారు అడుగుటయు, “లైన్లు బిజీ అండీ, అర్జెంటు చేసెయ్యమంటారా?” అని ఆపరేటరు అడుగుటయు నిత్యకృత్యములు. బేరము విలువను బట్టి ఆతడు నిర్ణయించుకొనెడివాడు. విచారించి చూడగా, ఆనాటి వినియోగదారుడు కొనుచుండినది సేవ కాదు, తన వంతు. వరుసలో ముందు నిలుచు హక్కును ఒకే అంగడివాడు మూడు ధరలకు అమ్ముచుండెను. వరుస ఎంత పొడుగైన, ఆ హక్కు అంత ప్రియము. వరుసను తగ్గించుటకు ఆ యజమానికి తొందర యేల యుండవలెను?

ఈ సమయముననే ప్రపంచమునకు ఆవలి ప్రక్కన జరిగిన విషయమును ఇచ్చట చెప్పక తప్పదు. అమెరికాలో ఏటీ అండ్ టీ యను మహాసంస్థ మీద అచ్చటి న్యాయశాఖ 1974లో వేసిన దావా 1982లో రాజీ యయ్యెను. న్యాయమూర్తి హెరాల్డ్ గ్రీన్ పర్యవేక్షణమున 1984 జనవరి 1న ఆ సంస్థ చీలిపోయెను. ఊరి టెలిఫోను ఏడు ప్రాంతీయ సంస్థల పాలయ్యెను; దూరపు లైను ఏటీ అండ్ టీకి మిగిలెను, కాని ఎంసీఐ, స్ప్రింట్ మొదలగు పోటీదారులకును ఊరి సంస్థలు సమానమైన ద్వారమీయవలె నను షరతుతో. అంతకు ముందు ఎంసీఐ ద్వారా మాటాడదలచినవాడు మొదట ఊరిలోని యొక నంబరు, తరువాత తన సంకేతము, ఆ పిమ్మట కావలసిన నంబరు వరుసగా నొక్కవలసి వచ్చెడిది. ఓపిక కలవానికే చవుక. సమద్వారము వచ్చిన పిదప ఇంటింటికి ఒక కాగితము వచ్చెను: మీ దూరపు కాలును మోయు కంపెనీ యేది? గుర్తు పెట్టి పంపుడు. కాగితము తిరిగి పంపనివారి కాలులన్నియు మొదట ఏటీ అండ్ టీకే పోయెను. ఇది అన్యాయమని తలంచి, 1985లో అచ్చటి టెలిఫోను నియంత్రణ కమీషను, ఎన్నుకోని వారిని ఎన్నుకొన్నవారి నిష్పత్తినిబట్టి కంపెనీలకు పంచవలెనని ఆజ్ఞాపించెను. ఓటు వేయని వానిని అభ్యర్థులకు పంచిపెట్టిన ఎన్నిక లోకమున మరియొకటి యున్నదో లేదో నే నెరుగను.

1965 నాటి వలసచట్టము తరువాత ఆ దేశమునకు పోయిన తెలుగు వైద్యులును, ఇంజనీర్లును ఆ కాగితముపై గుర్తు పెట్టినవారిలో కలరు. తరువాతి దశాబ్దమున ఎంసీఐ వారి ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పథకము, ఆ వెనుక ఇండియన్ కిరాణా దుకాణములలో దొరకు కాలింగ్ కార్డులు, వారిని ధరల పట్టికలు చదువుటలో నిపుణులను గావించెను. ఫలితముగా ఒక ఆచారము పుట్టినది. ఆ రోజులలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ఇండ్లలో అమెరికాకు ఫోను చేయుట లేకుండెను. అక్కడినుండి వచ్చు ఫోను కొరకు ఎదురుచూచుటయే. అత్యవసరమైనచో ఇటునుండి ఒక్కమారు మ్రోగించి పెట్టివేసెడివారు, అటునుండి బిడ్డ తిరిగి చేసెడిది. పోటీ యున్న దేశము నుండి లేని దేశమునకు మాట చౌకగా ప్రవహించుట కిది నిదర్శనము. చీరాల తల్లి, తన కుమారుని ద్వారా, అమెరికను వినియోగదారు హక్కును కొంత అనుభవించినదనవచ్చును.

ఇచ్చట ట్రంకు కాలు పీడ విరగడ చేసినది పోటీ కాదు, యంత్రము. ఆపరేటరు సాయము లేక దూరపు నంబరును నేరుగా తిప్పు ఎస్.టి.డి. పద్ధతి 1960 నవంబరులో లక్నో–కాన్పూరుల నడుమ ఆరంభమై, మెల్లమెల్లగా దక్షిణమునకు దిగెను. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ స్వదేశముననే చిన్న ఎక్స్ఛేంజీలను రూపొందించుటతో పల్లెలకును అది చేరువయ్యెను. చీరాలకు 08594 అను కోడు వచ్చినది, ఒంగోలుకు 08592. ఆ వెనుక పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు బజారు మలుపులలో, బస్టాండులో, రైల్వే స్టేషను ఎదుట పుట్టుకొని వచ్చెను. వికలాంగులకు కేటాయింపులో ప్రాధాన్య మిచ్చుటచేత అనేక కుటుంబములకు అది జీవనోపాధి యయ్యెను. ఒకే వీధిలో నాలుగు బూతులుండినను, నాలుగింటి తీగలును ఒకే సర్కారు టెలిఫోను శాఖ ఎక్స్ఛేంజీలోనికి పోవును గనుక పోటీ కుర్చీలలోను, ఫ్యానులోను, చిల్లర తిరిగి యిచ్చుటలోను మాత్రమే యుండెను.

బూతు కాలమున వినియోగదారుడు ఎన్నుకొనినది గడియారమును. పగలు పూర్తి రుసుము. ప్రొద్దు గ్రుంకిన పిదప సగము. రాత్రి పదకొండు దాటినచో పావు. “పదకొండు కొట్టనీవయ్యా, అప్పుడు చేద్దాం” అని నిద్రకండ్లతో వరుసలో నిలిచిన జనము ఆ దశాబ్దపు ముఖచిత్రము. ఎర్రని అంకెలు దొరలు మీటరు మీద కన్ను వేసి, కుశలప్రశ్నలు కుదించి, ముఖ్యమైన మాట మొదలే చెప్పి దించివేయుట అందరికిని అలవడెను. ఉత్తరములో రెండు పుటలు నమస్కారములతో నింపినవారు సైతము బూతులో క్రియాపదముతో ప్రారంభించిరి.

దూరము లెక్కించు విధానము గూడ చెప్పదగినది. చార్జింగు కేంద్రములని పేర్కొనబడిన స్థానములు రెంటి నడుమ ఆకాశమార్గమున గీత గీచి కొలిచి, యాభై, రెండువందలు, అయిదువందలు, వేయి కిలోమీటర్లు అను మెట్లలో నది ఏ మెట్టున పడునో చూచి, మీటరు ఎంతకొకమారు కొట్టుకొనవలెనో నిర్ణయించెడివారు. చీరాల నుండి గీత గీచినచో మదరాసును, హైదరాబాదును రెండువందలకును అయిదువందలకును నడుమ పడును. కోయంబత్తూరు, బొంబాయి అయిదువందలు దాటును. అహమ్మదాబాదు, కలకత్తా, ఢిల్లీ వేయి దాటి పోవును. అందుచేత నూలు బేరము కొక ధర, అహమ్మదాబాదు మిల్లుగుడ్డ బేరమున కంతకు మించిన ధర. గాలిలో గీచిన గీత ఒకటి దుకాణపు లాభనష్టములలో దూరుట వర్తకునకు వింతగా తోపలేదు. రైలు కిరాయి అట్లే యుండును గదా. తీగలో పోవు మాటకు దూరము పెరిగినకొలది ఖర్చు అదే పాళ్లలో పెరుగునా యను ప్రశ్న బజారులో ఎవరును వేయలేదు. పెరుగదని శాఖవారికి తెలియును.

పెరుగదని తెలిసియు ఏల వసూలు చేసిరి? ఈ కథకు కీలకమిదియే గనుక కొంత నిదానింతము. ఊరిలోని ప్రతి యింటికి తీగ లాగి, స్తంభము నాటి, ఫోను పెట్టి నిలుపుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. దానికి వసూలు చేయు నెల అద్దె ఆ ఖర్చునకు చాలదు. పల్లెలో అద్దె మరియు తక్కువ. ఆ లోటును దూరపు కాలు పూడ్చుచుండెను. అనగా బొంబాయి కాలునకు వర్తకుడు చెల్లించిన రూపాయలలో కొన్ని, ఏ వేటపాలెముననో, ఏ ఈపూరుపాలెముననో నెలకు పది కాలులైనను చేయని యొక పింఛనుదారుని ఫోనును నిలుపుచుండెను. ఈ దానము వర్తకునకు తెలియదు, పింఛనుదారునకును తెలియదు. ఇట్టి యేర్పాటు గుత్తాధిపత్యము ఉన్నంతవరకే సాగును. పోటీదారు డెవడైనను వచ్చినచో ఆతడు పింఛనుదారుని యింటికి పోడు. లాభమున్న బొంబాయి లైనుమీదనే వ్రాలును.

అట్లే జరిగెను. 1994 జాతీయ టెలికం విధానము తలుపు కొంచెము తెరచినది; ఆంధ్రప్రదేశ్‌లో ఊరి ఫోనునకు టాటా టెలిసర్వీసెస్ లైసెన్సు పొందెను; 1997లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడి, 1999లో దూరపు ధరలు తగ్గించుచు, నెల అద్దెలు పెంచుచు, దాన మెంత దాగియున్నదో మొదటిసారి లోకమునకు చూపెను. అద్దె పెంచగనే దేశమంతట కేకలు లేచెను, ఎస్.టి.డి. తగ్గినందులకు ఎవరును జేజేలు కొట్టలేదు. 2000 అక్టోబరు 1న శాఖ బీఎస్ఎన్ఎల్ యను కంపెనీగా మారెను. అదే యేడు ఆగస్టులో, నూరు కోట్ల రూపాయల ప్రవేశరుసుము చెల్లించగల యే కంపెనీకైనను దూరపు లైను తెరువబడునని ప్రభుత్వము ప్రకటించి యుండెను. భారతీ సంస్థ 2001 నవంబరున తొలి ప్రైవేటు లైసెన్సు పొందినది. రిలయన్స్, విదేశ సంచార్ నిగమ్ తరువాత చేరెను.

క్రొత్త కంపెనీ ఇంకను సరిగా పని మొదలుపెట్టక మునుపే దాని ఫలము వచ్చుట ఈ ఘట్టములోని చమత్కారము. 2002 జనవరి సంక్రాంతి నాటికి బీఎస్ఎన్ఎల్ తన ఎస్.టి.డి. ధరలను, కొన్ని దూరములకు అరువదిరెండు శాతము వరకు తగ్గించెను. ఇన్నేండ్లు ఇంతగా తగ్గించుటకు వీలుపడని ధర, పోటీదారుడు ఇంటిముందు చెప్పులు విడుచు చప్పుడునకే దిగివచ్చినది. అంతకు కొంచెము ముందే రెండువందల కిలోమీటర్ల లోపలి ఊళ్లకు సున్నకు మారుగా 95 చేర్చి నంబరు నొక్కు సదుపాయము కలిగి, గుంటూరు, విజయవాడలు చీరాలకు ఇరుగుపొరుగైనవి. ఆ యేడే ఏప్రిల్ 1న విదేశ కాలులపై విదేశ సంచార్ నిగమ్ గుత్త తీరెను. అంతకు రెండు నెలల ముందు ఆ సంస్థయే టాటాల చేతికి పోయి యుండెను.

ఇక ఎన్నిక సంగతి. అమెరికా కాగితమును పోలినది మనకును రావలసియుండెను. 2002 జులైలో ట్రాయ్ స్పష్టముగా ఆదేశించినది: ఊరి ఫోను ఎవరిదైనను, దూరపు కాలును మోయు కంపెనీని వినియోగదారుడే ఎన్నుకొనవలెను. రెండు మార్గములు చూపిరి. ఒకటి, ప్రతి కాలునకు ముందు 10తో మొదలగు సంకేతమును నొక్కి, ఈ కాలు ఫలానావారి ద్వారా పోవునుగాక యని కోరుట. రెండవది, ముందే ఒక కంపెనీని నమోదు చేయించుకొనుట. చదువుటకు సుబోధము, జరుగుటకు దుర్ఘటము. సంకేతమును గ్రహింపవలసిన ఎక్స్ఛేంజీలలో పాతవి పెక్కు. వానికి క్రొత్త సాఫ్ట్‌వేరు కావలెను, ఆ ఖర్చు ఎవరు పెట్టవలెనను వివాదము. బిల్లు ఎవరు వ్రాయవలెను, బాకీ ఎవరు వసూలు చేయవలెను అనునది రెండవ వివాదము. ఇన్నింటికిని మించి, ఎక్స్ఛేంజీ తాళపుచెవి బీఎస్ఎన్ఎల్ చేతిలో నున్నది. ఆ సంస్థయే దూరపు లైనునకును పెద్ద వర్తకుడు. తన గుమ్మమున నిలిచి, తన ఖాతాదారుని పొరుగు అంగడికి దారి చూపుమనినచో ఏ వ్యాపారి పరుగెత్తును? గడువులు పొడిగింపబడెను. చీరాలలో 10తో మొదలగు సంకేతము నొక్కి కంపెనీని ఎన్నుకొనిన గృహస్థుడు లేడు. దేశముననే లేడు.

దీనిని ఓటమిగా లెక్కించువారు కలరు. నా యభిప్రాయము వేరు. చీరాల చరిత్ర యెరిగిన వారికి, ఎన్నుకొనుటకు కాగితమక్కరలేదని తెలియును. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున, మునిసిపాలిటీ పన్నులు కట్టుట కిష్టపడక జనము ఊరినే విడిచి రామనగరమున పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. విడిచిపోవుటకంటె గట్టి ఎన్నిక లేదు. అంత ఖరీదైనదియు లేదు. 2003 తరువాత టెలిఫోను వినియోగదారుడు చేసినదియు అదే జాతి పని, కాని ఖరీదు స్వల్పము. దూరపు కంపెనీని మార్చనీయనిచో, ఫోనునే మార్చినాడు.

సెల్‌ఫోను 1995లో వచ్చినను, వచ్చిన కాలునకు గూడ డబ్బు కట్టవలసినంతకాలము అది కాంట్రాక్టరుల, డాక్టరుల చేతి యలంకారముగానే యుండెను. 2003 మే నుండి, పిలిచినవాడే చెల్లించు పద్ధతి వచ్చి, వచ్చిన కాలులు ఉచితమయ్యెను. ఆ వేసవి గడచి వానలు పడునాటికి రిలయన్స్ వారు అయిదువందల యొక్క రూపాయి పథకముతో ఫోనును చేతిలో పెట్టసాగిరి. సెల్ కంపెనీలే దూరపు లైసెన్సులును కలిగియుండుటచేత, తమ తీగమీద తమ కాలునే మోసికొని, ఊరి కాలునకును ఢిల్లీ కాలునకును తేడాను తగ్గించుకొనుచు పోయిరి. మాస్టర్ వీవరు జేబులోనికి ఫోను చేరినది. మగ్గము దగ్గరనుండియే కోయంబత్తూరు ధర అడుగుట మొదలైనది. పింఛనుదారుని యింటి ఫోనునకై దూరపు కాలులపై ‘యాక్సెస్ డెఫిసిట్ చార్జి’ యను పేర కొంత సుంకము విధించిరి. దాగియున్న దానము ఇట్లు బయటపడి ఖాతాపుస్తకమున కెక్కెను. దానిని తప్పించుకొనుటకు విదేశ కాలులను స్వదేశ కాలులుగా మారువేషము వేయించిన వ్యవహారములు వెలుగులోనికి వచ్చి జరిమానాలు పడినవి గాని, అది ప్రత్యేక ప్రకరణమున చెప్పదగిన కథ.

2006లో రెండు సంగతులు జరిగెను. నూరు కోట్లయిన ప్రవేశరుసుము రెండున్నర కోట్లకు దిగెను. మార్చి 1న సర్కారు కంపెనీలైన బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ సంస్థలు ‘వన్ ఇండియా’ పథకమున దేశములో ఏ మూలకైనను నిమిషమునకు రూపాయి యని ప్రకటించెను. ఆకాశమార్గపు గీతలు, మెట్లు, పావు రేట్లు ఒక్క పెట్టున నిరర్థకములయ్యెను. ఒంగోలును ఢిల్లీయు సమానదూరమున నిలిచినవి. దీనివలన మొదట దెబ్బతిన్నవారు బూతులవారే. వారు అమ్మినది దూరము గనుక, దూరమునకు వెల పోగా వారికి సరకు లేదు. కొందరు జెరాక్సు యంత్రము పెట్టిరి, కొందరు రీచార్జి కూపనులమ్మిరి. వారిని గూర్చి ఏ విధానపత్రమును ఒక వాక్యమైనను వ్రాసినట్లు నేను చూడలేదు. పోటీని కీర్తించునపుడు ఈ లెక్కను గూడ చేర్చుట న్యాయము.

నంబరు మారకుండ కంపెనీని మార్చుకొను హక్కు 2011 జనవరి 20న దేశమంతట అమలులోనికి వచ్చెను. 1900 అను సంఖ్యకు ఒక సందేశము పంపుటతో పని మొదలగును. అమెరికా కాగితమునకు మన దేశమున దొరకిన ప్రతిరూపమిదే యనవచ్చును, కాని ఇందు ఎన్నుకొనునది దూరపు లైనును కాదు, ఊరిలైనుతో సహా సమస్తమును. మరి నాలుగేండ్లకు, 2015 జులైలో, ఒక టెలికం సర్కిలు విడిచి మరియొక సర్కిలునకు పోయినను నంబరు వెంట వచ్చు ఏర్పాటు కలిగెను. 2016 సెప్టెంబరున జియో ప్రవేశించి మాటకు వేరుగా వెలయే లేదనెను. ఆ వెనుక రెండుమూడేండ్లలో ఎయిర్‌సెల్ మూతబడెను, రిలయన్స్ కమ్యూనికేషన్స్ తప్పుకొనెను, టాటాల సెల్ వ్యాపారము భారతీలో కలిసెను, వొడాఫోనును ఐడియాయు 2018 ఆగస్టులో ఏకమయ్యెను. ఇప్పుడు చీరాల బజారులో సిమ్ము కొనబోవు వానికి అంగడివాడు చూపు పేర్లు, బీఎస్ఎన్ఎల్‌తో చేర్చి, నాలుగు. ఒకరు ధర పెంచిన వారమునకు మరియొకరు పెంచుదురు.

వచ్చు ప్రకరణమున, విదేశ కాలుల మారువేషమును, లోటు సుంకముపై జరిగిన వ్యాజ్యములను వివరింతుము.

(సశేషము)